శుక్రవారం వానలు

డాక్టర్ ఆకెళ్ళ విశ్వపతి తమ ఊరి వాన ఎత్తుకుపోయాడని ఓబులేసు చెప్పని మనిషి రాయచోటిలో లేడు. మోటారు చుట్టించుకోవడానికి వచ్చిన రైతుకు చెప్పాడు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ కానిస్టేబులుకు చెప్పాడు. ఓట్లడగడానికి గడప ఎక్కినవాళ్లను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. గొర్రెను ఎత్తుకుపోయినవాడికి జైలుంది, గొలుసు తెంపుకుపోయినవాడికి జైలుంది, మబ్బును ఎత్తుకుపోయినవాడికి మాత్రం గవర్నమెంటు పింఛనిచ్చి హైదరాబాదు ఫ్లాటులో కూర్చోబెట్టిందని నోరు నొప్పి పుట్టేదాకా తిట్టేవాడు. విన్నవాళ్లు తలూపి, మోటారు ఎప్పటికిస్తావని అడిగి వెళ్లిపోయేవారు.

పక్కనే జిరాక్సు షాపు పెట్టుకున్న మస్తాన్ ఒక్కడే చివరిదాకా వినేవాడు. వినడమే కాదు, ఎగదోసేవాడు కూడా.

"అయితే మబ్బుకు ముకుతాడేసి తూర్పుకు తోలుకోని పాయ. అంతేనా అన్నా?"

"నవ్వుకోరా, నవ్వుకో. మీ నాయనది చెప్పులంగడి. వానొచ్చినా అమ్ముకుంటాడు, రాకపోయినా అమ్ముకుంటాడు. మా నాయన నమ్ముకునింది శనక్కాయ చేను."

ఓబులేసు చెప్పేది పిచ్చిమాటేం కాదు. అతని చిన్నతనంలో గువ్వలపల్లె వెనక నక్కలగుట్ట మీద గుండ్రంగా ఇనుప స్తంభాలు పాతి, వాటి మధ్య రాగితీగలు అల్లారు. ఊరివాళ్లు దాన్ని సాలెగూడు అనేవారు. చుట్టూ ముళ్లకంచె, మాట అర్థం కాని ఉత్తరాది కాపలావాళ్లు, గుట్ట అవతలి దారినే వచ్చి అవతలి దారినే పోయే జీపులు. వానాకాలంలో పడమటి నుంచి మబ్బు నల్లగా కమ్ముకొచ్చేది. మన్ను వాసన ముక్కుకు తగిలేది. ఆడవాళ్లు మిద్దెలెక్కి ఆరబోసిన చింతపండు గబగబా ఎత్తుకునేవారు. అంతలో గుట్ట మీద జుమ్మని మోత మొదలయ్యేది. చేతుల మీది వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. ఎద్దులు పలుపుతాళ్లు గుంజుకునేవి. మబ్బేమో ఊరి మీదుగా నిండుచూలాలు నడిచినట్టు నిదానంగా సాగి, గుట్ట దాటి వెళ్లిపోయేది. ఒక్క చినుకు రాలేది కాదు. సాయంత్రానికి తూర్పున ఎక్కడో మెరుపులు కనిపించేవి.

మూడేళ్లు అట్లాగే గడిచాయి. మూడో ఏడు ఓబులేసు నాయన గంగులప్ప, అడుగంటిన బావిని ఇంకాస్త లోతు చేయబోతే గట్టు విరిగి మీద పడింది. పైకి తీసేసరికి మనిషి లేడు. చేను వచ్చినకాడికి అమ్ముకుని తల్లి సుంకులమ్మ కొడుకును రాయచోటికి తీసుకొచ్చింది. ఏడో తరగతిలో బడి మానిన ఓబులేసు ఒక మేస్త్రీ దగ్గర చేరి మోటార్లకు రాగితీగ చుట్టడం నేర్చుకున్నాడు. ఆ మరుసటి ఏడు సాలెగూడు పీకేశారు. అప్పటికి గువ్వలపల్లెలో సగం ఇళ్లకు తాళాలు. మిగతా సగం బెంగుళూరుకూ కువైటుకూ చెదిరిపోయింది.

రహస్యంగా దాచిన పాత ప్రయోగాల దస్త్రాలను ప్రభుత్వం ఇప్పుడు బయటపెడుతోందనీ, సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడిగి తీసుకోవచ్చనీ పేపర్లో చదివి చెప్పింది మస్తానే. పైగా ఆ ప్రయోగాల వల్ల భూమి పోగొట్టుకున్నవాళ్లు రుజువు చూపిస్తే, పోయినంత భూమీ మళ్లీ ఇస్తారట. దానికొక విచారణ సంఘం కూడా వేశారట. ఆ రోజు నుంచి ఓబులేసు షాపులో చుట్టాల్సిన మోటార్లు పేరుకుపోయాయి. మస్తాన్ దరఖాస్తు టైపు చేసేవాడు, ఓబులేసు పక్కన నిలబడి తిట్లు చెప్పేవాడు, మస్తాన్ తిట్లు తీసేసి మిగిలింది పంపేవాడు.

మొదటి జవాబులో అటువంటి పథకమేదీ ఎన్నడూ లేదని ఉంది. రెండో జవాబులో ఆ పథకం దస్త్రాలు చెదలు తిన్నాయని ఉంది.

"లేని పథకానికి దస్త్రాలెట్లొచ్చెరా? లేని దస్త్రాలను చెదలెట్ల తినెరా?" ఓబులేసు జిరాక్సు మిషను మీద గుద్దాడు.

"మిషన్ను కొట్టొద్దన్నా, దాని తప్పేముంది. అవి చదువుకున్న చెదలు. ఏది తినాల్నో, ఏది మిగల్చాల్నో వాటికి తెలుసు."

అప్పీలు పెట్టారు. నల్లసిరా పులిమిన కాగితాలు వచ్చాయి. వాటిలో 'మరియు', 'యొక్క' తప్ప ఏ మాటా మిగల్లేదు. మళ్లీ అప్పీలు పెట్టారు. ఓబులేసు భార్య రెడ్డెమ్మకు విసుగు పుట్టింది.

"బ్యారం చూసుకోమంటే వినవు. మోటార్లకొచ్చినోళ్లు వాపసు పోతాండారు. ఆ కవర్లు వండిపెడితే పిల్లోళ్లు తింటారా?"

"చేను వస్తే తింటారు," అన్నాడు ఓబులేసు.

చివరికి ఒక మధ్యాహ్నం దిండంత కవరు వచ్చింది. ఓబులేసు తెచ్చి ముందు పెడితే మస్తాన్ చించి చూశాడు. సిరా లేదు. ప్రతి పేజీ మీదా 'రహస్యం' అన్న పాత ముద్ర, దాన్ని కొట్టేస్తూ కొత్త ముద్ర. మస్తాన్ షాపు తలుపు సగం దించి, ఒక్కో పేజీ ఇంగ్లీషులోంచి తెలుగులోకి చెప్పుకుంటూ పోయాడు. పథకం పేరు జలధర. పనిచేసే చోటు నక్కలగుట్ట. అధిపతి డాక్టర్ ఆకెళ్ళ విశ్వపతి.

"అన్నా, ఇది విను. 'గుట్ట కింది పల్లెకు నష్టం కలగరాదు. పల్లె పక్కన వాన కొలిచే యంత్రం పెట్టవలెను. వరసగా నలభై దినాలు అందులో వాన నమోదు కాకపోతే తీగలకు కరెంటు ఆపి, పని చాలించవలెను.' కింద సంతకం విశ్వపతిది."

ఓబులేసు స్టూలు తన్నుకుంటూ లేచాడు. "నలభై దినాలా? మూడేండ్లురా! మూడేండ్లు ఎండగట్టినాడు. ఇంగేం గావాలిరా? వాడి సంతకంతోనే వాడు దొరికినాడు!"

మస్తాన్ తర్వాతి పేజీలు తిప్పుతున్నాడు. తిప్పేకొద్దీ అతని మొహంలో నవ్వు తగ్గిపోయింది.

"అన్నా, కూర్చో. ఆ యంత్రం గీసిన గీతలు ఈ వెనకాల ఉండాయి. వాన పడిందని ఉండాది. మీ ఊర్లో. ఆ మూడేండ్లూ."

గళ్ల కాగితాల నకళ్లు అవి. అడుగున బల్లపరుపుగా పోయే గీత ఉన్నట్టుండి మేకులాగా నిట్టనిలువుగా లేచి, మళ్లీ పరుపుగా పోతోంది. మేకు పక్కన ఎవరో చేత్తో రాశారు: అంగుళమున్నర. ఇంకో కాగితంలోనూ అంతే. ఇంకో దానిలోనూ అంతే. నలభై రోజులు వాన లేని మాట ఎక్కడా లేదు.

"దొంగలెక్క!" అని అరిచాడు ఓబులేసు. "కూర్చోని గీసుకున్నాడు నా కొడుకు! హైదరాబాదు పోతా. వాడి కాలరు పట్టుకోని వాడి నోటితోనే చెప్పిస్తా."

బస్సులో దారి పొడుగునా ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకున్నాడు. తీరా తలుపు తీసిన మనిషి భుజాలు కుంగిపోయి, సీసా అడుగులాంటి కళ్లద్దాలతో, గోడ పట్టుకుని నిలబడ్డాడు. కాలరు పట్టుకుంటే చేతిలోకే వచ్చేట్టున్నాడు.

"ఓబులేసుగారేనా? దరఖాస్తు పెట్టిన మనిషి పేరు నాకూ పంపారండీ. ఎప్పుడొస్తారా అని చూస్తున్నాను. లోపలికి రండి."

"రాకేం సార్. నా వాన ఏం చేసినావో అడుగుదామని వచ్చినా."

"అడగండి. ముందు టీ పెడతాను. టీతోపాటు అదీ చూపిస్తాను."

వంటింట్లో స్టవ్వు మీద నీళ్లు కాగుతుండగా విశ్వపతి అలమరలోంచి చిన్న చెక్కపీట తీశాడు. దాని మీద రాగితీగ చుట్ట, తీగలతో అల్లిన అరచెయ్యంత వల. ఓబులేసు కన్ను ముందు చుట్ట మీదికే పోయింది. చుట్టు ఒత్తుగా, వరస తప్పకుండా ఉంది. మంచి పనివాడు చుట్టిందే. విశ్వపతి గిన్నె మీద గాజుపలక పట్టుకున్నాడు. ఆవిరి తగిలి పలక చెమర్చింది, చుక్కలు కట్టాయి, టపటపా రాలాయి. పలక తుడిచి, వలను ఆవిరికి అడ్డంగా పెట్టి స్విచ్చు వేశాడు. జుమ్మని మోత. ఓబులేసు ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి. ఇన్నేళ్ల తర్వాత ఆ మోత చెవిన పడేసరికి అతను గోడకు ఆనుకున్నాడు.

ఆవిరి పలకను రాసుకుంటూ పోతోంది. పలక మాత్రం పొడిగా ఉంది. ఆవిరంతా వెళ్లి అవతల కిటికీ గోడకు తగిలి, సున్నం మీద చారలు చారలుగా కారుతోంది.

"ప్రతి చుక్కకూ ఒకే రకం విద్యుత్తు ఎక్కిస్తున్నానండీ. అప్పుడు చుక్కకూ చుక్కకూ పడదు. దగ్గరికి రావు. కలవని చుక్క బరువెక్కదు. బరువెక్కనిది కింద పడదు. కొంతదూరం పోయాక ఆ బలం తగ్గి, అక్కడ కలిసి, అక్కడ పడుతుంది. తూర్పున పెద్ద జలాశయం ఉంది. కింద లక్షల ఎకరాలు. వాటి కోసం."

ఓబులేసు తడిసిన గోడను చూశాడు, ఎండిన పలకను చూశాడు.

"అన్నదమ్ముల మధ్య జగడం పెట్టి ఇల్లు కూల్చినట్టు చేసినావు గదా సార్. నా గిన్నె కింద మంట నాది, నీళ్లు నావి. తడిసింది ఎవురి గోడో."

విశ్వపతి స్విచ్చు ఆపాడు. "అదే అన్యాయమని నాకూ తెలుసు. అందుకే ఆ నలభై రోజుల షరతు పెట్టాను. పైవాళ్లు వద్దన్నారు, పోట్లాడి పెట్టించాను. వాన పడకపోతే ఆపేసేవాణ్ణి. కానీ పడింది కదండీ."

"యాడ పడింది!" ఓబులేసు నకళ్లు తీసి బల్ల మీద కొట్టాడు. "నేను ఆ ఊళ్లో పుట్టి పెరిగినోణ్ణి. మా నాయన బావిలో మన్ను మీద పడి సచ్చింది వాన పడినందుకేనా? ఇవి నువ్వు గీసుకున్న గీతలు."

ముసలాయనకు కోపం రాలేదు. భూతద్దం తెచ్చుకుని కాగితాల మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"నేను గీయలేదు. యంత్రమే గీసింది. మామూలు వాన గీత మెట్లెక్కినట్టు పైకి పోతుందండీ. ఇది గోడెక్కింది. బిగబట్టిన మబ్బు ఎక్కడో ఒకచోట పట్టు తప్పి, ఒక్క జల్లుగా కుమ్మరిస్తుందని నా లెక్కల్లో ముందే ఉంది. మొదటిసారి ఈ గీత చూసిన రోజు ప్రయోగశాలలో అందరికీ మైసూరుపాకు పంచాను. నా లెక్క నిజమైందన్న సంతోషం ఒకటి, మీ ఊరు మరీ ఎండిపోవడం లేదన్న సంతోషం ఇంకొకటి. గుట్ట దిగి ఒక్కసారి ఊళ్లోకి వచ్చుంటే సరిపోయేది. రాలేదు."

ఓబులేసు వింటూ కాగితాల వైపు చూస్తున్నాడు. ఒక్కో కాగితం ఒక్కో వారానిది. పైన వారాల పేర్లు ఇంగ్లీషులో, నిలువు గళ్లకు తలకట్టులాగా అచ్చువేసి ఉన్నాయి. మేకు ఎక్కడ లేచినా ఒకే గడిలో లేచింది. అతను పేజీ తిప్పాడు. అదే గడి. ఇంకోటి తిప్పాడు. అదే. కింది గంటల అంకె చూస్తే పొద్దు పొడిచే వేళ.

"ఈ గడి ఏ వారం సార్?"

"శుక్రవారం. మాలో ఒక కుర్రాడు అప్పుడే అడిగాడు, ఎప్పుడూ శుక్రవారమే ఎందుకు పడుతోందని. మబ్బుకు వారాలు తెలుస్తాయా నాయనా అని నవ్వేశాను."

ఓబులేసు కళ్ల ముందు గువ్వలపల్లె మెదిలింది. గుట్ట మొదట్లో పరుపుబండ. బండ పక్కన సిమెంటు దిమ్మె మీద తెల్లరంగు డబ్బా, దాని నోటి చుట్టూ ఇత్తడి అంచు. పసుపు రాసుకున్న మొహంతో, తడిజుట్టు ముడివేసుకుని, చేతిలో చెంబుతో బండ ఎక్కుతున్న ఒక మనిషి. ఆమె కొంగు పట్టుకుని వెనకే తను.

విశ్వపతి అతని మొహం చూసి భూతద్దం కింద పెట్టాడు. "అందులో ఎవరైనా నీళ్లు పోసేవారా?"

ఓబులేసు కాగితాలన్నీ ఒకచోటికి చేర్చి మడిచాడు.

"ఒక్క చెంబు చాలండీ. దాని నోరు జానెడే. చెంబెడు నీళ్లు పడితే అంగుళమున్నర వాన కింద లెక్క." ముసలాయన ముందుకు వంగాడు. "అదే జరిగుంటే ఈ నమోదంతా తప్పు. నా షరతు ప్రకారం మొదటి ఏడే ఆపి ఉండాల్సింది. మీరు గెలిచినట్టే. ఆ పోసినవాళ్లను విచారణకు తీసుకొచ్చి ఒక్క మాట చెప్పించండి. నేనొచ్చి పక్కన నిలబడతాను, నా లెక్క తప్పని ఒప్పుకుంటాను. మీ భూమి మీకొస్తుంది."

తిరుగు బస్సులో ఓబులేసు ఒక్క తిట్టు కూడా తిట్టలేకపోయాడు. నోట్లోకి వచ్చిన ప్రతి తిట్టూ ఎటు విసరాలో తెలియక మళ్లీ లోపలికే పోయింది.

ఇంటికి వచ్చేసరికి సుంకులమ్మ వాకిట్లో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఓబులేసు పక్కన చతికిలబడి తనూ ఒకటి ఒలిచాడు.

"మా, మన ఊళ్లో వరదపాశం చేస్తాంటిరే, గుర్తుందా?"

ఆమె మొహం వెలిగింది. "గుర్తు లేకేం. పరుపుబండ కడిగి, ఊరంతా బియ్యం బెల్లం ఏసి, పెద్దకాగులో పాయసం కాసి బండ మీద పోస్తిమి. ఆడా మొగా మోకాళ్ల మీద కూర్చోని, చేతులు ఈపు ఎనక్కట్టుకోని నాలికతో నాకితిమి. నువ్వు మూతి కాల్చుకుంటివి."

"వాన రాలేదు గదా."

"రాలే. ఎందుకు రాలేదో ఊర్లో ఎవురికీ తెలీలే, నాకు తెలిసింది." సుంకులమ్మ గొంతు తగ్గించింది. "బండ పక్కన గవర్మెంటోళ్లు ఒక డబ్బా పెట్టింటిరి. వాన కోసరమే పెట్నామని ఆ కాపలావాడు సైగ చేసి చూపిచ్చె. దాని నోరు ఆకాశం తట్టు తెరుచుకోని ఉండె, లోపల ఒట్టిగా. బయటికి పొయ్యేటప్పుడు ఖాళీ బిందె ఎదురైతేనే మనం ఎనక్కి తిరుక్కోని వస్తాము గదా. గుట్ట తట్టు వచ్చే వానదేవునికి ఖాళీ కడవ ఎదురు పెడితే ఆయప్ప వస్తాడా?"

"అందుకని నువ్వు..."

"ఒక చెంబు పోస్తాంటి. శుక్రారం శుక్రారం. కోనలో చెలమ కాడికి పొయ్యి, తోడుకోని వస్తిమి గదా, అందులో నా వంతు. మీ నాయన తిట్టె, తాగను లేకపోతే తగరపు డబ్బాకు పోస్తావామే అని. నేను ఇన్లా. ఆ చెంబుకే రా, చెలమలో ఆ మాత్రం నీళ్లన్నా ఊరినాయి. మనుషులు గొంతెండి సావకుండా ఉండారు." ఆమె ఒక కాయ చిదిమి గింజ అతని చేతిలో పెట్టింది. "మీ నాయన పోయినాక గూడా మానలేదు. ఇంగొకరి మొగుడు బాయిలో దిగి అట్ల పోగూడదని పోసినా. నా జల్మలో నేను చేసిన మంచిపని అదొకటే అబ్బయ్యా."

ఓబులేసు గింజ నోట్లో వేసుకున్నాడు.

రెడ్డెమ్మకు చెప్పాడు. ఆమె అంతా విని, చేటలో బియ్యం పక్కకు పెట్టింది.

"చెప్పియ్యి," అంది చివరికి.

"ఆమె చేత్తోనే మా నాయన పోయినాడని ఆమెకు తెలిస్తే?"

"ఆమె చేత్తో పోలే. ఆ హైదరాబాదాయన చేత్తో పాయ. ఆ మాటే చెప్పు."

"ఆమెకు అట్ల అనిపిస్తాదా?"

"ఏడుస్తాది. నాలుగు దినాలు ఏడ్చి ఊరుకుంటాది. చచ్చినాయన రాడు, చేను వస్తాది. నీకిద్దరు పిల్లోళ్లుండారు, అది గుర్తుపెట్టుకో."

రెడ్డెమ్మ మాటలో తప్పేం లేదు. అందుకే ఓబులేసుకు ఆమె మీద కోపం వచ్చింది. చెప్పించేద్దామనే అనుకున్నాడు. దారిలో మెల్లగా చెప్పి, ఏడ్పించి, ఓదార్చి, లోపలికి తీసుకుపోదామనుకున్నాడు. తల్లిని రమ్మని అడగాల్సిన పని కూడా లేకపోయింది. విచారణ అనగానే ఆమే బయల్దేరింది. వాని మొగం ఒకసారి జూడాల, అంది.

కడపకు పోయే బస్సులో ఆమె కిటికీ పక్క కూర్చుని ప్రతి ఊరికీ వాన పడిందా లేదా చూసుకుంటూ వచ్చింది. ఆ చెరువులో నీళ్లుండాయి, ఈ చేను ఎండింది, అని చెబుతూనే ఉంది. ఓబులేసు రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఏదో ఊరు వచ్చింది.

విచారణ ఒక పాత కల్యాణమండపంలో. వేదిక మీద పెళ్లివాళ్లు వదిలేసిన కాగితప్పూలు ఇంకా వేలాడుతున్నాయి. వాటి కింద బల్ల వేసుకుని రిటైరైన జడ్జిగారు ఒకావిడ, పక్కన రాసుకునే గుమాస్తా. గువ్వలపల్లె నుంచి దరఖాస్తు పెట్టినవాడు ఓబులేసు ఒక్కడే. చెదిరిపోయినవాళ్లకు ఫోన్లు చేసి చేసి మస్తాన్ కూడా విసిగిపోయాడు, ఎవరూ రాలేదు. ముందు వరసలో విశ్వపతి కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

సుంకులమ్మ కళ్లు చిట్లించి చూసింది. "వీడేనా?"

"ఆ."

"థూ, ముసిలోడు గదరా. ఇన్నేండ్లు తిట్టి తిట్టి నేను ఎట్లాంటోడో అనుకుంటి. ఇట్లాంటోణ్ణి తిట్టాలన్నా నోరు రాదే."

పేరు పిలిచారు. జడ్జిగారు నకళ్లు ముందు పెట్టుకుని కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఓబులేసు, మీ ఫిర్యాదు మూడేళ్లు వాన పడకుండా చేశారని. కానీ ఈ రికార్డులో మీ ఊళ్లో ఇంచుమించు ప్రతి వారం వాన పడినట్టుంది. ఈ రికార్డు తప్పంటారా? అయితే ఎందుకు తప్పో చెప్పాలి."

ఓబులేసు వేదిక వైపు చూశాడు. వెనక బెంచీలో తల్లి ఉందని వీపుకు తెలుస్తోంది. నీళ్లు అనే మాట ఈ మండపంలో ఒక్కసారి పడితే చాలు, ఆమె ఆగదు. పోసింది నేనే అని లేస్తుంది. గొప్పగా లేస్తుంది. మొగుడు తిట్టినా మానలేదని, నా వంతు నీళ్లు పోశానని వరస పెట్టి చెబుతుంది. ఈ జడ్జిగారు మంచిమనిషిలాగే ఉంది. అంతా విని, ఆ చెంబెడు నీళ్లు ఏం చేశాయో ఆమెకు అర్థమయ్యేట్టు నిదానంగా విడమరిచి చెబుతుంది.

అతను ఆలస్యం చేయడం చూసి విశ్వపతి కర్ర ఊతగా లేచాడు. "అమ్మా, ఆ రోజుల్లో పథకం అధిపతిని నేనే. ఆ రికార్డు నమ్మదగింది కాదు. నా పొరపాటు నేను ఒప్పుకోవడానికే వచ్చాను. ఆ యంత్రంలోకి..."

"వాన పడింది మేడం," అన్నాడు ఓబులేసు.

విశ్వపతి ఆగిపోయాడు. జడ్జిగారు కళ్లద్దాలు తీశారు.

"ఏమన్నారు?"

"వాన పడింది. రికార్డు సరిగ్గానే ఉండాది."

"అయితే ఈ ఫిర్యాదు?"

"తెలీక పెట్నా. చిన్నప్పటి మాట గదా. వాపసు తీసుకుంటా."

వెనక బెంచీ కిర్రుమంది.

"యాడ పడిందిరా?" సుంకులమ్మ గొంతు మండపమంతా మోగింది. "ఒరే ఓబిగా, యాడ పడిందిరా వాన? మీ నాయన్ను మట్టిలోంచి తీసింది నీ కండ్లారా జూడలేదారా? ఒక్క చినుకు రాలిందా? అమ్మా జడ్జమ్మా, వీడు చెప్పేది అబద్ధం! మూడేండ్లు మాకు వాన లేదు!"

గుమాస్తా ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. బెంచీ పట్టుకుని నడవలోకి వచ్చింది. విశ్వపతి ఆమెను చూశాడు. వంగిన నడుము, ముడతలు పడ్డ మొహం, ఆ కోపం చూశాడు. ఆమె చేతుల వైపు చూశాడు. అతనికి అర్థమైంది. ఏదో చెప్పబోయి ఓబులేసు మొహం చూశాడు. ఓబులేసు తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనిపించనంత కొద్దిగా. ముసలాయన నోరు మూసుకుని కూర్చున్నాడు. కూర్చుని కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ తుడవడం అయిపోలేదు.

"ఎంతిచ్చినాడ్రా?" సుంకులమ్మ కొడుకు ముందుకు వచ్చి నిలబడింది. "హైదరాబాదు పోయినప్పుడు ఎంతిచ్చినాడు ఈ ముసిలోడు? ఆ దినం నుంచీ చూస్తాండా, మాటా పలుకూ లేదు. మీ నాయన్ను ఎంతకమ్మినావు చెప్పు!"

"ఏం ఇయ్యలేదు మా."

"నన్ను ముట్టుకోవద్దు. నీ చేతి కూడు ఇంగ నేను తినను."

చెయ్యి విదిలించుకుని ఆమె ఒంటరిగా గుమ్మం వైపు నడిచింది. మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఆమె తనలో తను అంటున్న మాటలు లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి. వాన లేదు, వాన లేదు, అంటోంది.

జడ్జిగారు ఓబులేసు వైపు తిరిగారు. "ఇంకోసారి ఆలోచించుకుంటారా?"

"లేదు మేడం."

"మళ్లీ పెట్టడానికి ఉండదు. తెలుసా?"

"తెలుసు."

ఆమె గుమాస్తా వైపు తలూపారు. గుమాస్తా పెన్ను తీశాడు.

"వదులుకుంటున్న భూమి వివరాలు చెప్పండి. ఊరు?"

"గువ్వలపల్లె."

"సర్వే నంబరు?"

"నూట పద్దెనిమిది బై రెండు."

"ఎంత?"

ఓబులేసు గుమ్మం వైపు చూశాడు. ఎండలో తల్లి చెప్పులు తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని పోతోంది.

"నాలుగెకరాల డెబ్బై మూడు సెంట్లు," అన్నాడు.